లోవ నుంచి దిగే బండి

పాయకరావుపేటలో కుర్రాడు కొత్త బండి కొంటే మైలేజీ సంగతి స్నేహితులు అడుగుతారు. ఇంట్లో పెద్దవాళ్లు అడిగేది ఒక్కటే: "లోవకి ఎప్పుడు తీసుకెళ్తున్నావురా?" తాండవ వంతెన దాటితే తుని. అక్కణ్ణుంచి ఇంకో ఏడెనిమిది కిలోమీటర్లు పోతే కొండల నడుమ తలుపులమ్మ లోవ. ఏటికి ఇవతల అనకాపల్లి జిల్లా, అవతల కాకినాడ జిల్లా. భక్తికి ఆ హద్దు పట్టదు. గోదావరి జిల్లాల నుంచి విశాఖ దాకా ఆటోల వెనక అద్దాల మీద, లారీల నుదుట, బైకుల నంబరు ప్లేట్ల పైన 'శ్రీ తలుపులమ్మ తల్లి' అన్న పేరు కనబడుతూనే ఉంటుంది. ఆ పేరు మోసే బండికి దారిలో ఆపద రాదని ఈ ప్రాంతపు నమ్మకం.

లోవలో బండి పూజ చూడముచ్చటగా ఉంటుంది. కడిగిన బండికి పసుపు కుంకుమ పెట్టి, హ్యాండిల్‌కి దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, చక్రాల కింద పెట్టిన నిమ్మకాయల్ని తొక్కిస్తారు. పూజంతా ముందు చక్రం చుట్టూనే. దానికి కాస్త పైన, హ్యాండిల్ కుడిచేతి వైపున, బ్రేక్ లివర్ పక్కనే అగ్గిపెట్టెంత నల్లడబ్బా ఒకటి ఉంటుంది. దానికో చిన్న గాజు కిటికీ. అందులోంచి లేత తేనెరంగులో బ్రేక్ ఆయిల్ కనబడుతుంది. పూజనాడు దండ ఆ కిటికీని కప్పేస్తుంది. సాయంత్రానికి దండ వాడిపోతుంది, తీసేస్తారు. కిటికీలోకి చూసే అలవాటు మాత్రం ఆ తర్వాతా ఎవరికీ పట్టుబడదు.

ఇలా ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకును ఎన్నాళ్లకోసారి సర్వీసు చేయించాలి? బండితో పాటు ఇచ్చే పుస్తకం తెరిస్తే జవాబు ఒక్క గీతలో ఉంటుంది. చాలా కంపెనీలు చెప్పే మాట, బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చమని. యమహా లాంటి వాళ్లు దానికి తోడు బ్రేకు గొట్టాలను నాలుగేళ్లకోసారి మార్చమంటారు. ఇంత తేలికైన జవాబున్న ప్రశ్న మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు జారిపోతుందన్నదే అసలు చిక్కు. దాన్ని విప్పాలంటే మెకానిక్ షెడ్డు దాటి, వేదం చదువుకున్నవాళ్ల అరుగు మీదికి కూడా వెళ్లాల్సి వస్తుంది.

ముందు షెడ్డు సంగతి. పెంటకోట వైపు నుంచి చేపల బుట్టలు మోసే మోపెడ్‌కీ, పాత స్ప్లెండర్‌కీ ఉన్నది డ్రమ్ బ్రేకు. లివర్‌కీ చక్రానికీ మధ్య ఇనప తీగో, కడ్డీయో ఉంటుంది. అది సాగితే లివర్ వదులవుతుంది, బండివాడికి చిరాకు పుడుతుంది, నట్టు రెండు చుట్లు బిగిస్తాడు. దాని జబ్బు అదే చెప్పుకుంటుంది. డిస్క్ బ్రేకు స్వభావం వేరు. లివర్ నొక్కితే గొట్టంలోని ఆయిల్ ఆ ఒత్తిడిని చక్రం దగ్గరున్న క్యాలిపర్‌లోని పిస్టన్‌కి చేరవేస్తుంది, పిస్టన్ ప్యాడ్లను డిస్క్‌కేసి అదుముతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ తానే ముందుకు జరిగి ఖాళీ పూడుస్తుంది. డబ్బాలో ఆయిల్ మట్టం కొంచెం దిగుతుందంతే. చేతికి తేడా తెలియదు. నట్టు బిగించే పని తప్పించిన ఈ సదుపాయమే బ్రేకు ముసలితనాన్ని దాచిపెడుతోంది.

ఆయిల్ గుణం ఇంకా చిత్రమైనది. పేరుకే ఆయిల్ గానీ, మన బండ్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు నీటిని పీల్చుకునే రసాయనాలు. రబ్బరు గొట్టాల గోడల్లోంచి, సీళ్ల సందుల్లోంచి గాలిలోని తేమ అణువణువుగా లోపలికి చేరుతూనే ఉంటుంది. సముద్రం పక్కనున్న ఊళ్లలో తేమకు కరువేముంది? కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ ప్రమాణం 155కి దిగుతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. నీటిని పీల్చుకోవడం లోపం కదా అనిపిస్తుంది గానీ, అది చేసే మేలూ ఉంది. పీల్చుకోకపోతే నీటిబొట్లు విడిగా జారి, అన్నిటికన్నా కిందనుండే క్యాలిపర్‌లో చేరి, పిస్టన్‌ని తుప్పు పట్టించి, వంద డిగ్రీలకే ఆవిరైపోయేవి. వచ్చిన విషాన్ని ఒకచోట గూడు కట్టనివ్వకుండా ఆయిల్ తన ఒంట్లో కలుపుకుంటుంది. అయితే శివుడి గొంతుకున్న శక్తి దీనికి లేదు. రెండేళ్లకు నిండుకుంటుంది.

పాయకరావుపేట బజారులో తిరిగే బండికి ఇదేమీ తెలిసిరాదు. కూరగాయల సంతలో నొక్కే బ్రేకు వేడెక్కేదెక్కడ? అదే బండి మీద చలికాలంలో ఇద్దరెక్కి కోటనందూరు, నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లొస్తే కథ మారుతుంది. ఎక్కేటప్పుడు ఇంజను శ్రమ పడుతుంది. దిగేటప్పుడు, గేరు తగ్గించడం రానివాడైతే, శ్రమంతా బ్రేకుదే. మలుపు మలుపుకీ నొక్కి, నొక్కి, డిస్క్ కాలి, ఆ వేడి ప్యాడ్లలోంచి పిస్టన్‌కీ, పిస్టన్ నుంచి ఆయిల్‌కీ పాకుతుంది. నీరు చేరిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు లేస్తాయి. ద్రవం ఒత్తిడికి కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పొద్దున్న రాయిలా ఉన్న లివర్ ఒక్క మలుపులో మెత్తబడి హ్యాండిల్‌ని తాకుతుంది. కాసేపు ఆగితే చల్లబడి మళ్లీ గట్టిపడుతుంది కూడా. బండివాడు అమ్మవారికి దండం పెట్టుకుని కొండ దిగిపోతాడు. షెడ్డుకి వెళ్లినా మెకానిక్‌కి ఏ లోపమూ దొరకదు.

ఇప్పుడు అరుగు మీది మాట. వేదకర్మలను పూర్వమీమాంసకులు మూడు తీరులుగా చూశారు. కోరికతో చేసేది కామ్యం. కొడుకు కావాలని, వాన కురవాలని. ఒక నిమిత్తం వచ్చినప్పుడు చేసేది నైమిత్తికం. గ్రహణ స్నానం, పిల్లాడు పుట్టినప్పటి కర్మ. రోజూ చేయాల్సింది నిత్యం, సంధ్యావందనం. ఈ మూడోదాని దగ్గర వాళ్లు పెట్టిన మెలిక గొప్పది. నిత్యకర్మ చేస్తే ప్రత్యేకంగా ఫలమంటూ రాదు, మానేస్తే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం, తగులుతుంది.

యంత్రాల బాగోగులు చూసుకుంటూ ఉండడానికి ఇంతకంటే సరైన నిర్వచనం ఏ సర్వీసు మాన్యువల్‌లోనూ లేదు. రంగు వేయిస్తే బండి మెరుస్తుంది, కొత్త సైలెన్సర్ పెడితే వీధంతా తిరిగి చూస్తుంది. బ్రేక్ ఆయిల్ మార్పించి బయటికొచ్చినవాడికి బండి నిన్నటిలాగే ఉంటుంది. కొన్ని వందలు పోయాయి, ఒరిగిందేమీ కనబడదు. ఫలం కనబడని పనికి మనసు ఊరికే లొంగదు కాబట్టే శాస్త్రకారులు దాన్ని కోరికల పద్దులోంచి తప్పించి, ఇష్టమున్నా లేకున్నా తప్పని పద్దులో వేశారు. లోవలో చేయించే పూజ నిజానికి కామ్యం, క్షేమం కోరి చేసేది. బ్రేకు నిత్యం అడుగుతుంది. రెంటి తేడా తెలియక ఒకదానితో రెండోదాని బాకీ తీరిందనుకోవడం దగ్గరే తప్పు దొర్లుతోంది. తలుపులమ్మ పేరు మీద విసుర్లు విసిరే హేతువాది కూడా ఈ తేడా గమనించడు. తాను పూజ మానేసినంత మాత్రాన తన బండిలో ఆయిల్ మారదు కదా.

మీమాంసకుల ఈ సిద్ధాంతానికి శంకరాచార్యుల దగ్గర ఒక ఎదురు ప్రశ్న ఉంది. తైత్తిరీయోపనిషత్తు భాష్యం ఆరంభంలోనే ఆయన దాన్ని లేవనెత్తారు. చేయకపోవడమంటే ఒక లేమి, అభావం. లేనిదానిలోంచి ఉన్నది ఎలా పుడుతుంది? పని చేయకపోవడం అనే శూన్యం దోషమనే వస్తువును ఎలా కంటుంది? అందువల్ల నిత్యకర్మ మానడం దోషానికి కారణం కాదు, ముందే పోగుపడిన దోషానికి అదొక గుర్తు మాత్రమే అంటారాయన.

బ్రేక్ ఆయిల్ డబ్బా ముందు కూర్చుంటే ఈ వాదన పుస్తకాల బీరువాలోంచి లేచివచ్చినట్టుంటుంది. సర్వీసు చేయించకపోవడం ఆయిల్‌ని పాడుచేయదు. పాడుచేసేది నీరు. అది భావపదార్థమే, మనం మరిచినా మరవకున్నా తన పని తాను చేసుకుపోతుంది. మనం మానేసిన రోజున కొత్తగా కీడేమీ మొదలవదు, ఎప్పుడో మొదలైన కీడుకు అడ్డు లేకుండా పోతుందంతే. ఇక్కడ శంకరుల పక్షమే నెగ్గుతుందని చెప్పాలి. అందులోంచి పనికొచ్చే సంగతి ఒకటి కూడా తేలుతుంది: కిలోమీటర్ల లెక్క బ్రేక్ ఆయిల్‌కి సరిపోదు. ప్యాడ్లు అరగాలంటే బండి నడవాలి. ఆయిల్ చెడడానికి బండి నడవనక్కర్లేదు, రోజులు గడిస్తే చాలు. "నాది రెండు వేలే తిరిగింది, అప్పుడే ఎందుకు?" అనేవాడు తన ఓడోమీటర్ చూపిస్తాడు. ఆ తిరగని రోజుల్లోనూ తేమ సెలవు తీసుకోలేదు.

అదే ఉపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే అప్పగింతల మాటలున్నాయి. సత్యం పట్లా ధర్మం పట్లా ఏమరుపాటు వద్దన్నాక, నీ క్షేమం పట్ల కూడా ఏమరుపాటు వద్దంటాడు. క్షేమం చూసుకోవడం స్వార్థమనో, దేవుడి మీద నమ్మకం లేకపోవడమనో ఆయన అనుకోలేదు. అక్కడ నిషేధించిన మాట 'ప్రమాదం'. సంస్కృతంలో దానికి ఏమరుపాటు, అజాగ్రత్త అని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి కారణం పేరు ఫలితానికి అంటుకుంది. పత్రికలో రోజూ చదివే 'రోడ్డు ప్రమాదం' మాటకు మూలార్థం 'రోడ్డు మీది ఏమరుపాటు'. మహాభారతం ఉద్యోగపర్వంలో నిద్రపట్టని ధృతరాష్ట్రుడికి సనత్సుజాతుడనే ఋషి ఇంకా ముందుకెళ్లి చెబుతాడు, మృత్యువంటే ఏమరుపాటేనని. బుద్ధుడి చివరి ఉపదేశమూ అప్రమాదమే. ధమ్మపదంలో రెండో అధ్యాయమంతా దాని పేరుమీదే ఉంది. పాయకరావుపేట నుంచి హైవే మీద విశాఖ వైపు పోతుంటే అనకాపల్లి దగ్గర శంకరం ఊళ్లో బొజ్జన్నకొండ ఉంది. సంఘారామం అన్న మాటే శంకరమయిందంటారు. ఒకప్పుడు ఆ రాతి గుహల్లో భిక్షువులు సాధన చేసింది ఈ ఎరుకనే. దానికి దగ్గర్లోని జాతీయ రహదారి మీద ఇప్పుడు అందరూ ఫోను చూస్తూ పోతున్నారు.

తలుపులమ్మ పేరుకు కూడా ఇటువంటి కథే చెబుతారు. తలచిన కోరిక తీర్చే తల్లి కాబట్టి తలపులమ్మ అనీ, జనం నోట అదే తలుపులమ్మ అయిందనీ. తలపు అంటే మనసులో పెట్టుకోవడం. ప్రమాదానికి సరిగ్గా ఎదురు మాట.

దైవం ముందా, ప్రయత్నం ముందా అన్న తగువును యాజ్ఞవల్క్య స్మృతి బండి పోలికతోనే తీర్చింది. ఒంటిచక్రంతో రథం నడవనట్టే మనిషి పూనిక లేకపోతే దైవం కూడా సిద్ధించదన్నది ఆ స్మృతి తీర్పు. గాలిలో దీపం పెట్టి దేవుడి మీద భారం వేయడాన్ని మన శాస్త్రాలు ఎప్పుడూ భక్తి కింద లెక్కగట్టలేదు.

చిత్రమేమిటంటే, హైడ్రాలిక్ బ్రేకు సూత్రం కనిపెట్టినవాడు కూడా ఈ తగువులో తలమునకలైన మనిషే. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని చెప్పిన బ్లేజ్ పాస్కల్ 1623లో ఫ్రాన్సులో పుట్టాడు. 1654 నవంబరు 23 రాత్రి కలిగిన దైవానుభవాన్ని ఓ కాగితం మీద రాసుకుని, కోటు లోపలి గుడ్డలో కుట్టించుకుని తిరిగాడు. అతను పోయాకే అది బయటపడింది. నెయ్యీ అనే చోట వంతెన మీద గుర్రాలు బెదిరి అతని బండి వేలాడిందనీ, ఆ గండం గట్టెక్కాకే భక్తిలో పడ్డాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. చరిత్రకారులు దాన్ని నమ్మరు గానీ, మన లోవ కథల పక్కన పెడితే అచ్చు మేనమామ పోలిక. చనిపోయిన 1662వ సంవత్సరంలోనే పారిస్‌లో అయిదు సూల (అప్పటి ఫ్రెంచి చిల్లర) టిక్కెట్టుతో జనానికి గుర్రబ్బండ్ల సర్వీసు నడిపించాడు. అంటే సిటీ బస్సుకు తాతలాంటివాడు. దేవుడున్నాడని నమ్మితే పోయేది స్వల్పం, లేడనుకుని తప్పితే పోయేది అనంతం అన్న అతని పందెం లోకప్రసిద్ధం. బ్రేక్ ఆయిల్ విషయంలో ఆ పందెం మరీ తేలిక. ఒకవైపు వందల రూపాయలు, ఇంకోవైపు ప్రాణం. పైగా నీరు చేరుతోందా లేదా అన్నదాంట్లో ఏ సందేహమూ లేదు.

అలాగని బ్రేకు సర్వీసుతో రోడ్డు చావులన్నీ ఆగుతాయని చెబితే అదీ ఒక మూఢనమ్మకమే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. మొత్తం మరణాల్లో పదింట ఏడుకు పైగా అతివేగం పద్దులోనే ఉన్నాయి. కొత్త ఆయిల్ పోయించుకుని నూటికి పైన తోలేవాడికి ఏ శాస్త్రమూ అడ్డురాదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరైన ఏబీఎస్ కూడా చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది గానీ, దానికీ ఆ గొట్టంలోని ఆయిలే దిక్కు. ఆయిల్ మరిగితే అదీ చేతులెత్తేస్తుంది.

మరి ఏది నిత్యం, ఏది నైమిత్తికం? బండి ఎక్కగానే, కదిలే ముందు లివర్ రెండుసార్లు నొక్కి చూడడం నిత్యం. గట్టిగా ఉందా, స్పాంజిలా ఉందా అన్నది చెయ్యే చెబుతుంది. మెత్తగా ఉంటే గాలి చేరినట్టు. షెడ్డులో ఎయిర్ తీయించాలి. కిటికీలోకి వారానికోసారి చూస్తే సరిపోతుంది. మట్టం కింది గీత దాకా వచ్చిందంటే ప్యాడ్లు అరిగినట్టో, ఎక్కడో కారుతున్నట్టో. కారణం చూడకుండా పైన ఆయిల్ పోసి ఊరుకోవడం జ్వరమొచ్చినవాడికి విసనకర్రతో విసరడం లాంటిది. ప్యాడ్లను ప్రతి సర్వీసులోనూ విప్పించి చూడాలి, వాటి మీది అరుగుదల గాడి చెరిగిపోయేదాకా ఆగకూడదు. ఆ పనిలోనే క్యాలిపర్ పిన్నులు శుభ్రం చేయిస్తే ఉప్పుగాలికి పట్టేయకుండా ఉంటాయి. బండి పడిపోయినా, వరద నీళ్లలో దిగినా, ఘాట్‌లో ఒక్కసారి లివర్ మెత్తబడినా అది నిమిత్తం. తారీఖు కోసం చూడక్కర్లేదు. రంగు లివర్లు, స్టీలు తీగ అల్లిన గొట్టాలు కామ్యం. డబ్బుంటే చేసుకోవచ్చు, దోషం లేదు.

ఆచారం విషయంలో ఇంకో చిన్న మాట. హారతి నెయ్యో, దీపం నూనో డిస్క్ మీద పడితే ప్యాడ్లు పీల్చుకుంటాయి, బ్రేకు జారుతుంది. పసుపు కుంకుమలకు హెడ్‌లైటు మీద కావలసినంత చోటుంది.

రెండేళ్ల గడువును గుర్తుపెట్టుకోవడమెలా అన్నదానికి ఊళ్లోనే ఒక ఉపాయం ఉంది. పాయకరావుపేట చేనేతకు పేరున్న ఊరు. దసరాకి మగ్గాల దగ్గర నుంచి లారీల దాకా పనిముట్లన్నిటికీ పూజ జరుగుతుంది. ఆయుధపూజ పుట్టుకలో ఏ ఆలోచన ఉందో గానీ, దాని పద్ధతి చూస్తే పనిముట్టును ఏడాదికోసారి ఆపి, దించి, తుడిచి, దగ్గరగా చూసే రోజది. మనిషికి జ్ఞాపకం నిలవదని తెలిసినవాళ్లు పంచాంగాన్ని జ్ఞాపకంగా మార్చారు. ఆషాఢంలో లోవకు జనం పోటెత్తే రోజులతో మొదలైన నైరుతి వానలు దసరా నాటికి దాదాపు తగ్గుముఖం పడతాయి. తేమ తాగిన ఆయిల్‌ని తీసేయడానికి అంతకన్నా అనువైన కాలం లేదు. ప్రతి రెండో దసరాకీ ఆయిల్, ప్రతి నాలుగో దసరాకీ గొట్టాలు. మూత విప్పని కొత్త సీసానే వాడాలి; పోయినసారి సగం వాడి అటక మీద పెట్టిన సీసా కూడా ఈపాటికి తాగాల్సిన తేమ తాగే ఉంటుంది.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చే కొడుకుల బండ్లు ఈ ఊళ్లో చాలా వరండాల్లో కవరు కప్పుకుని ఉంటాయి. భోగినాడు కవరు తీస్తారు. బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, చార్జింగ్ పెడతారు. టైర్లకు గాలి కొట్టిస్తారు, పెట్రోలు పోయిస్తారు. లివర్ నొక్కితే రాయిలా గట్టిగానే ఉంటుంది, బ్రేకు బాగానే ఉందనుకుంటారు. కనుమ మర్నాడు మంచు చూడ్డానికి లంబసింగి ప్రయాణం. పొద్దున్న నాలుగింటికి, చీకట్లో, నంబరు ప్లేటు మీది తల్లి పేరుకు దండం పెట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు బండెక్కుతారు. కుడిచేతి పక్కనున్న ఆ చిన్న కిటికీ మీద ఫోను వెలుగు ఒకసారి వేసి చూస్తే లోపల ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంటుంది.